దుబాయి తెలుగువాళ్లకు చార్టు చదువు



ఉదయం ఏడూ నలభై ఐదుకు, మనలో చాలామంది ఇంకా పనికెళ్లే బస్సులోనో మెట్రోలోనో ఉండగానే, ముంబయిలో షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు మొదలవుతాయి. పదింటికి దుబాయి, అబుదాబి మార్కెట్లు తెరుచుకుంటాయి. రెండింటికి ముంబయి మూతపడితే, మూడింటికి ఇక్కడివి మూతపడతాయి. సాయంత్రం ఐదున్నరకు, చలికాలమైతే ఆరున్నరకు, న్యూయార్క్ మొదలవుతుంది. అది ముగిసేసరికి మనకు అర్ధరాత్రి. బంగారం, విదేశీ కరెన్సీల బేరమైతే వారంలో ఐదు రోజులూ రాత్రింబగళ్లు సాగుతూనే ఉంటుంది. మేలుకున్నంతసేపూ ఏదో ఒక మార్కెట్టు తెరిచే ఉండే దేశంలో మనం బతుకుతున్నాం. కరామాలో ఇద్దరు ముగ్గురు మనవాళ్లు కలిసి టీ తాగే చోట, షార్జా అల్ నహ్దాలో ఒకే ఫ్లాటులో నలుగురైదుగురు ఉండే గదుల్లో, సోనాపూర్ క్యాంపుల్లో కూడా ఇప్పుడు వినిపిస్తున్న మాట ఒకటుంది: టెక్నికల్ ఎనాలిసిస్ నేర్చుకుంటున్నాను, చార్టులు చూడటం నేర్చుకుంటున్నాను అని.

నేర్చుకోండి. అది నేర్చుకోదగ్గ విద్యే. కాకపోతే ఆ విద్యలో మొదట నేర్పాల్సినదాన్ని చివర్లో నేర్పుతున్నారు, చాలాచోట్ల అసలు నేర్పడమే లేదు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు మిత్తితో సహా తీరకముందే, చిట్టీ ఎత్తిన డబ్బుతో ఫోనులో ట్రేడింగు మొదలుపెట్టిన వాళ్లున్నారు. జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, కోనసీమలోనో, కడపలోనో ఒక ఇల్లు ఆ డబ్బు కోసం ఎదురు చూస్తుంటుంది. ఈ పావుగంట ప్రసంగం ముఖ్యంగా వాళ్లకోసమే.

రేడియోలో చార్టు చూపించలేను. ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి, మీచేత గీయిస్తాను. ఒక షేరు ఇవాళ 10 దిర్హాముల దగ్గర మొదలైందనుకుందాం. పగలు 10.50 దాకా ఎక్కింది, 9.75 దాకా దిగింది, మార్కెట్టు మూసే వేళకు 10.25 దగ్గర నిలిచింది. 9.75 నుంచి 10.50 దాకా ఒక నిలువు గీత గీయండి. ఆ గీత మీద 10 నుంచి 10.25 దాకా ఒక చిన్న డబ్బా గీయండి. అదే క్యాండిల్. మొదలైన ధరకన్నా ముగిసిన ధర ఎక్కువ కాబట్టి ఆకుపచ్చ రంగు వేస్తారు, తక్కువైతే ఎరుపు. మొదలు, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు, ఈ నాలుగు అంకెలే అందులో ఉన్నాయి. అంతకుమించి అందులో ఏమీ లేదు. చార్టు మీద కనిపించే రంగురంగుల గీతలన్నీ, ధర జోరును కొలిచే ఆర్‌ఎస్‌ఐ కానివ్వండి, కొన్ని రోజుల ధరల సగటైన మూవింగ్ యావరేజ్ కానివ్వండి, దాదాపు ఈ నాలుగు అంకెల నుంచీ, ఎన్ని షేర్లు చేతులు మారాయన్న వాల్యూమ్ అంకె నుంచీ లెక్క కట్టినవే. పది గీతలు పెట్టుకుంటే పది సాక్ష్యాలు దొరికినట్టు కాదు. ఒకే సాక్షి చేత పదిసార్లు చెప్పించినట్టు.

ఈ విద్య పుట్టింది బియ్యం వ్యాపారంలో. జపాన్‌లోని ఒసాకాలో దోజిమా బియ్యం మార్కెట్టుకు 1730లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ముందు ముందు చేతికొచ్చే ధాన్యాన్ని అప్పుడే కాగితం మీద బేరమాడేవారు. 18వ శతాబ్దంలో సకాతా ఊరి వ్యాపారి హొమ్మా మునెహిసా ఆ ధరల వెనక ఉన్న జనం భయాన్నీ ఆశనూ పట్టించుకుని రాసినవాడిగా పేరుపొందాడు. ఇవాళ్టి క్యాండిల్ పద్ధతికి మూలపురుషుడిగా ఆయన్నే చెప్పుకుంటారు. పడమటి దేశాల్లో ఛార్లెస్ డౌ 1896లో అమెరికా పారిశ్రామిక కంపెనీల సగటు సూచీని మొదలుపెట్టాడు. ధరలు ఒక దిశ పట్టుకున్నాక కొంతకాలం ఆ దిశలోనే నడుస్తాయన్నది ఆయన రాతల్లోంచి తర్వాతివాళ్లు తీసిన సిద్ధాంతం. మన ఫోనులో కనిపించే ఆర్‌ఎస్‌ఐని 1978లో తన పుస్తకంలో అచ్చువేసినవాడు వెల్స్ వైల్డర్, మెకానికల్ ఇంజినీరు. కాలిక్యులేటరు పట్టుకుని రోజుకొకసారి చేసుకునే లెక్క అది. ఇవాళ అదే లెక్కను ఒక నిమిషం చార్టు మీద వేసి, నిమిషానికోసారి నిర్ణయం తీసుకుంటున్నారు. ఆర్‌ఎస్‌ఐ 70 దాటితే అమ్మాలని యాంత్రికంగా నేర్పుతున్నారు కూడా. గట్టిగా పెరిగే మార్కెట్లో అది వారాల తరబడి 70 పైనే ఉండగలదు. అంకె చూసి అమ్మినవాడు ఆ పెరుగుదలంతా వదులుకుంటాడు.

ఇప్పుడు మనం బతికే ఊరి చార్టు చూద్దాం. దుబాయి ఫైనాన్షియల్ మార్కెట్ 2000 మార్చిలో, అబుదాబి ఎక్స్‌ఛేంజి అదే ఏడాది నవంబరులో మొదలయ్యాయి. దుబాయి సూచీ 2005 నవంబరులో 8,000 పైకి ఎక్కింది. 2006లో కుప్పకూలింది. తేరుకుని 2008 జనవరిలో మళ్లీ 6,000 దాటి, ఆ ఒక్క ఏడాదిలోనే 70 శాతానికి పైగా పడిపోయింది. మళ్లీ 6,000 చూడటానికి 2025 దాకా పట్టింది. 2005 నాటి శిఖరాన్ని ఇరవై ఏళ్ల తర్వాత కూడా అందుకోలేదు. పడినప్పుడల్లా కొంటూ పోతే ఎప్పటికైనా లాభమేనని భారత మార్కెట్టును చూసి అలవాటుపడ్డ మనవాళ్లకు ఇది చాలా పెద్ద పాఠం. చార్టు చదువు పనికొచ్చేది ఇలాంటి చోటే. గత 200 రోజుల ముగింపు ధరల సగటు తీసి, సూచీ దానికి పైన ఉంటే మార్కెట్లో ఉండటం, కింద ఉంటే బయటికి రావడం అనే చాలా సాదా పద్ధతి ఒకటుంది. 2008 సెప్టెంబరు నాటికే దుబాయి సూచీ ఆ సగటు కింద ఉంది. అసలైన పతనం ఆ తర్వాతి నెలల్లో వచ్చింది. అదే పద్ధతి, ధరలు ఎటూ కదలని ఏళ్లలో, లోపలికీ బయటికీ తిప్పి తిప్పి కమీషన్ల రూపంలో కోత పెడుతుంది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పేవాడే మంచి గురువు.

అరబ్‌టెక్ అనే కంపెనీ షేరు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. బుర్జ్ ఖలీఫా కట్టిన కంపెనీల్లో అదొకటి. 2014 మే నెలాఖరున మార్కెట్ల సూచీలు తయారుచేసే ఎంఎస్‌సీఐ సంస్థ యూఏఈని వర్ధమాన మార్కెట్ల జాబితాలోకి తీసుకోబోతోందని ముందే తెలుసు కాబట్టి అంతకు ముందు నెలల్లో ఇక్కడి షేర్లు విపరీతంగా పెరిగాయి. మేలో అరబ్‌టెక్ షేరు 7 దిర్హాములు దాటింది. జూన్‌లో పెద్ద వాటాదారు కొంత వాటా తగ్గించుకున్నట్టు బయటపడింది, నెల మధ్యలో ముఖ్య కార్యనిర్వాహకుడు రాజీనామా చేశాడు. జూన్ చివరికి షేరు 3 దిర్హాముల దగ్గరికి జారింది. దుబాయి సూచీ మేలో 5,000 పైనుంచి జూన్ చివరికి 4,000 లోపుకు వచ్చింది. ఆ కంపెనీని మూసేయాలని 2020 సెప్టెంబరులో వాటాదారులు తీర్మానించారు.

అందులో చార్టు విద్యార్థికి పనికొచ్చేది ఇది. ఆ రోజుల్లో ఇక్కడ ఒక షేరు ఒక్క రోజులో 10 శాతానికి మించి పడకూడదన్న పరిమితి ఉండేది. జూన్‌లో కొన్ని రోజులు అరబ్‌టెక్ ఆ పరిమితి దాకా పడి అక్కడే ఆగిపోయింది. అమ్మేవాళ్లు వరుసగా నిలబడ్డారు, కొనేవాడు లేడు. ధర ఇంత దిగితే అమ్మేయమని మీరు స్టాప్‌లాస్ పెట్టుకున్నారు, 10 ఫిల్సు నష్టానికే బయటికి వచ్చేస్తాననుకున్నారు. కొనేవాడే లేనప్పుడు ఆ స్టాప్‌లాస్ ఎవరికి అమ్మిపెడుతుంది? మర్నాడు ఇంకో 10 శాతం కింద తెరుచుకోవచ్చు. భారత మార్కెట్లో లోయర్ సర్క్యూట్ అనేదీ ఇదే. కోవిడ్ వేళ 2020 మార్చిలో యూఏఈ నియంత్రణ సంస్థ ఆ పరిమితిని 10 నుంచి 5 శాతానికి తగ్గించింది. జనం కంగారును ఆపడానికి అది మంచి చర్యే, కానీ బయటపడాలనుకున్నవాడికి తలుపు ఇంకా ఇరుకైంది. స్టాప్‌లాస్ అవసరమే. దాని మీదే భారమంతా వేయకూడదు. ఆ భారం మోయాల్సింది ఇంకొకటి.

అదే మీరు ఎన్ని షేర్లు కొన్నారన్న లెక్క. ట్రేడింగు నేర్పేవాళ్లు మొదటి రోజు నేర్పాల్సిన పాఠం ఇదేనని నా గట్టి నమ్మకం. పెన్సిలు పక్కన పెట్టకండి. మీ దగ్గర ట్రేడింగు కోసమే విడిగా తీసిపెట్టిన 20,000 దిర్హాములు ఉన్నాయనుకుందాం. ఒక్క లావాదేవీలో అందులో 1 శాతం, అంటే 200 దిర్హాములకు మించి పోగొట్టుకోనని ముందే రాసిపెట్టుకోండి. ఒక షేరు 2.50 దగ్గర ఉంది. చార్టు చూస్తే 2.40 దగ్గర చాలాసార్లు ఆగి పైకి వెళ్లింది, అదే సపోర్ట్. 2.40 కిందకు వస్తే మీ అంచనా తప్పినట్టే. కొన్న ధరకూ, తప్పిందని తేలే ధరకూ మధ్య తేడా 10 ఫిల్సు. 200 దిర్హాములను 10 ఫిల్సుతో భాగిస్తే 2,000 షేర్లు. అంటే 5,000 దిర్హాముల కొనుగోలు. ఇప్పుడు ఆ సపోర్ట్ 2.40 దగ్గర కాకుండా 2.00 దగ్గర ఉంటే? తేడా 50 ఫిల్సు, కొనాల్సింది 400 షేర్లే, పెట్టుబడి 1,000 దిర్హాములే. నష్టానికి హద్దు ముందే గీసుకుంటే, ఎంత కొనాలో చార్టే చెబుతుంది. ఎంత కొనాలో మనసు చెబితే, ఆ మనసు చార్టులో తనకు నచ్చినదే చూస్తుంది.

1 శాతమే ఎందుకంటే, సగం సార్లు గెలిచే మంచి పద్ధతిలో కూడా వంద లావాదేవీల్లో వరుసగా ఐదారు నష్టాలు రావడం మామూలే. పది వరుసగా వచ్చాయే అనుకుందాం. ప్రతిసారీ 1 శాతం పోతే 20,000లో 18,000 పైచిలుకు మిగులుతుంది. ప్రతిసారీ 10 శాతం పోతే 7,000 లోపు మిగులుతుంది. ఆ 7,000ను మళ్లీ 20,000 చేయాలంటే దాదాపు మూడింతలు చేయాలి. ఆ ఒత్తిడిలో ఉన్నవాడు చార్టు చదవడు, ప్రార్థన చేస్తాడు.

ఇక అప్పు తెచ్చి ఆడించే బేరాల మాట. 1,000 డాలర్లు కడితే 5,00,000 డాలర్ల విలువైన కరెన్సీ బేరం ఆడనిస్తామనే విదేశీ కంపెనీల ప్రకటనలు మన ఫోన్లలో రోజూ కనిపిస్తాయి. అది 500 రెట్లు. ధర మీకు వ్యతిరేకంగా నూటికి ఇరవై పైసలు, అంటే 0.2 శాతం కదిలితే కట్టిన 1,000 డాలర్లూ పోతాయి. యూరో, డాలరు మధ్య ధర దాదాపు ఏ రోజైనా అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. ఈ స్థితిలో ఎంత గొప్ప చార్టు పండితుడైనా దిశను సరిగ్గానే చెప్పి, అటు చేరేలోగానే డబ్బు పోగొట్టుకుంటాడు. యూరప్ నియంత్రణ సంస్థ 2018లో చిన్న మదుపరులకు ప్రధాన కరెన్సీల మీద ఇలాంటి బేరాన్ని కట్టిన డబ్బుకు 30 రెట్లకు పరిమితం చేసింది. ఈ రకం బేరాల్లో మామూలు ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని అప్పుడు చెప్పింది.

చార్టు విద్య నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు సూటి జవాబు ఇవ్వాలి. 1992లో బ్రాక్, లాకొనిషాక్, లెబారన్ అనే ముగ్గురు పరిశోధకులు 1897 నుంచి 1986 దాకా డౌ సూచీ మీద సాదా మూవింగ్ యావరేజ్ సూత్రాలను, ధర పాత హద్దు దాటడాన్ని చూసే బ్రేకౌట్ సూత్రాలను పరీక్షించి, వాటిలో కొంత పస ఉందని తేల్చారు. 1999లో సలివన్, టిమర్‌మన్, వైట్ ఆ తర్వాతి ఏళ్ల ధరల మీద అలాంటి సూత్రాలనే పెట్టి చూస్తే ఆ బలం నిలవలేదు. నా అభిప్రాయం చెబుతున్నాను: నెలల తరబడి సాగే దిశను పట్టుకోవడానికీ, నష్టానికి హద్దు గీసుకోవడానికీ చార్టు పనికొస్తుంది. ఐదు నిమిషాల చార్టులో తల, భుజాలు, జెండాల్లాంటి ఆకారాలు వెతికి రోజూ ఇంటి ఖర్చు సంపాదించడానికి అది పనికిరాదు.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో భారత్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారనీ, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ భారత మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆడగా ఆడగా అనుభవంతో బాగుపడతామన్న ఆశ మీద బ్రెజిల్‌లో ఒక అధ్యయనం జరిగింది. ఫ్యూచర్స్‌లో 300 రోజులకు పైగా పట్టు వదలకుండా డే ట్రేడింగు చేసినవాళ్లలో 97 శాతం మంది నష్టపోయారు. ఓపిక తక్కువై ఓడినవాళ్లు కారు వాళ్లు.

మరి కోర్సులు? సెబీ 2023 అక్టోబరులో బాప్ ఆఫ్ చార్ట్ అనే పేరుతో పాఠాలు, సలహాలు అమ్ముతున్న వ్యక్తిని మార్కెట్టు నుంచి నిషేధించి, 17 కోట్ల రూపాయలకు పైగా స్వాధీనం చేయమంది. లాభాలు వచ్చాయంటూ చూపించుకున్న ఆ గురువు రెండున్నరేళ్లలో స్వయంగా దాదాపు 3 కోట్లు నష్టపోయాడని ఆ ఉత్తర్వులో ఉంది. 2025 జనవరిలో సెబీ ఇంకో మంచి పని చేసింది: పాఠం చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలను వాడకూడదంది. నిజంగా పాఠమే అయితే పాత చార్టు చాలు కదా. కోర్సులో చేరబోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ మాటనే గీటురాయి చేసుకోండి. లైవ్‌లో ఇప్పుడు కొను, ఇప్పుడు అమ్ము అంటే అది పాఠం కాదు, టిప్పు. తన ఖాతా ఏడాది స్టేట్‌మెంటు, నష్టాలతో సహా, చూపని గురువుకు ఒక్క దిర్హాము కూడా కట్టొద్దు.

డబ్బు పెట్టకముందు ఆరు నెలలు ఇలా గడపమంటాను. మూడు షేర్లు ఎంచుకోండి, చాలు. మధ్యాహ్నం మూడు తర్వాత, మార్కెట్టు మూశాక, రోజు చార్టు చూడండి. ఎక్కడ కొనేవారో, ఎందుకో, ఎక్కడ తప్పు తేలుతుందో, ఎన్ని షేర్లో నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. లావాదేవీ ముగిశాక ఫలితం రాయండి, కమీషను తీసేసి. కొత్తగా లిస్టయిన షేర్లను ఈ అభ్యాసానికి తీసుకోకండి. 2024 నవంబరులో లులు రిటైల్ 2.04 దిర్హాములకు అబుదాబి మార్కెట్లోకి వచ్చింది. మనందరం సరుకులు కొనే దుకాణం కాబట్టి మనవాళ్లు ఎగబడి దరఖాస్తు చేశారు. మొదటి రోజు ఇష్యూ ధర దగ్గరే ముగిసి, తర్వాతి నెలల్లో దాని కిందికి దిగింది. అలాంటి షేరుకు 200 రోజుల సగటు లెక్కకట్టాలంటేనే 200 రోజుల ధరలు కావాలి, అంటే తొమ్మిది పది నెలలు ఆగాలి. గతమే లేని చార్టులో సపోర్ట్ గీస్తున్నామంటే అది మన ఊహే.

ఇండియా షేర్ల మీద మనసున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక అక్కడి షేర్లను కొన్న రోజే అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, డెలివరీ తీసుకోవాల్సిందే. కాబట్టి మీ గ్రూపుల్లో వచ్చే ఇంట్రాడే కాల్స్ మీకు అసలు వర్తించవు. దాన్ని తప్పించుకోవడానికి ఊళ్లో తమ్ముడి పేరుతోనో బావమరిది పేరుతోనో ఖాతా తెరిచి ఇక్కణ్నుంచి ఆడేవాళ్లున్నారు. షేర్లు ఎవరి పేరున ఉంటే వాళ్లవే, పన్ను నోటీసూ వాళ్లకే వస్తుంది, నష్టమొస్తే చుట్టరికం కూడా పోతుంది. పాత రెసిడెంట్ సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచుకున్నవాళ్లు ముందు దాన్ని ఎన్‌ఆర్‌ఐలకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించండి. ఇక్కడ వ్యక్తులకు షేర్ల లాభం మీద పన్ను లేకపోయినా అక్కడి షేర్ల లాభానికి అక్కడ పన్ను ఉంటుంది.

ఇంకొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. ఎక్సెన్షియల్ అనే కంపెనీ దుబాయి మీడియా సిటీలో ఆఫీసు పెట్టుకుని, ఫారెక్స్ ట్రేడింగుతో ఏడాదికి 120 శాతం లాభమని చెప్పి వేలమంది దగ్గర డబ్బు తీసుకుంది. అందులో మన దేశస్థులు చాలామంది. 2016లో అది మూతపడింది. 2018లో దుబాయి కోర్టు నిర్వాహకులకు 500 ఏళ్లకు పైగా జైలుశిక్ష వేసింది, కానీ చాలామందికి డబ్బు తిరిగి రాలేదు. మంచి భవనంలో ఆఫీసు ఉండటం, గోడ మీద ట్రేడ్ లైసెన్సు వేలాడటం వేరు, మీ డబ్బు తీసుకుని ట్రేడింగు చేయించే అనుమతి ఉండటం వేరు. ఆ అనుమతి ఫెడరల్ నియంత్రణ సంస్థ ఇస్తుంది. దుబాయి ఆర్థిక ఫ్రీజోన్ డీఐఎఫ్‌సీలో ఉన్న కంపెనీకైతే డీఎఫ్‌ఎస్‌ఏ, అబుదాబి గ్లోబల్ మార్కెట్లో ఉన్నదానికి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఏ, దుబాయిలో క్రిప్టోకు వారా ఇస్తాయి. ఈ సంస్థల జాబితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కంపెనీ పేరు వెతకండి. పేరు దొరికినా ఆగకండి, జాబితాలో ఉన్న ఫోను నంబరూ మీకు ఫోను చేసిన నంబరూ ఒకటేనా చూడండి, ఎందుకంటే అసలు కంపెనీల పేర్లు పెట్టుకుని మోసం చేసేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు ఇబ్బందైతే ఆఫీసులో తెలిసిన అన్ననో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బు పంపకముందే ఆ పని చేయండి.